ఊరి పేరిట ఒక పద్దు

శ్రోతలకు నమస్కారం.

ఆర్థిక మంత్రి శాసనసభలో బడ్జెట్ ప్రవేశపెట్టిన మర్నాడు పత్రికల్లో శాఖలవారీ కేటాయింపులు వస్తాయి. వ్యవసాయానికి ఇంత, విద్యకు ఇంత, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖకు ఇన్ని వేల కోట్లు అని చదువుతాం. ఆ చివరి అంకెను చూసి ఈసారి ఊళ్లకు బాగానే ఇచ్చారనో, కోత పెట్టారనో ఒక అభిప్రాయానికి వస్తాం. నిజానికి ఆ అంకెలో పింఛన్లు, ఉపాధి హామీ వాటా, రోడ్లు, ఉద్యోగుల జీతాలు అన్నీ కలగలిసి ఉంటాయి. మన ఊరి పంచాయతీ తన గ్రామసభలో మాట్లాడుకొని, తన తీర్మానంతో ఖర్చు పెట్టుకోగల సొమ్ము అందులో ఎంత అన్నది సామాన్య పాఠకుడికి ఆ పత్రాల్లో దొరకదు. ఊళ్లో ఖర్చయ్యే డబ్బు వేరు, ఊరు తానై ఖర్చు పెట్టే డబ్బు వేరు. స్థానిక సమాజాలను బలపరచడానికి రాష్ట్ర బడ్జెట్ ఏం చేయగలదనే ప్రశ్నను నేను ఈ తేడా దగ్గర నుంచే చూడాలనుకుంటున్నాను.

పంచాయతీరాజ్ చరిత్రలో తెలుగు నేలకు మంచి స్థానమే ఉంది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో ఈ వ్యవస్థ మొదలైతే, అదే సంవత్సరం మన షాద్‌నగర్‌లోనూ మొదలైంది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది. 11వ షెడ్యూలులో 29 అంశాలను చేర్చి, వాటి బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించవచ్చునని రాష్ట్రాలకు చెప్పింది. అయిదేళ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించి, రాష్ట్ర రాబడిలో పంచాయతీలకు ఎంత వాటా ఇవ్వాలో తేల్చాలని కూడా చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994లో, తెలంగాణ 2018లో ఇందుకు తగిన చట్టాలు చేసుకున్నాయి. అయితే అధికారం బదిలీ అయినంత సులువుగా ఖజానా బదిలీ కాలేదు.

అది ఎంతవరకు కాలేదో 2024 జనవరిలో రిజర్వు బ్యాంకు వెలువరించిన అధ్యయనంలో కనిపిస్తుంది. 2022-23లో దేశంలో ఒక్కో పంచాయతీ సగటున పన్నుల ద్వారా సంపాదించుకున్నది సుమారు 21 వేల రూపాయలు. పన్నేతర ఆదాయం మరో 73 వేలు. కేంద్రం నుంచి వచ్చిన గ్రాంట్లు మాత్రం సుమారు 17 లక్షలు, రాష్ట్రం నుంచి వచ్చినవి మూడు లక్షల పాతిక వేలు. అంటే పంచాయతీ ఖాతాలో పడే వంద రూపాయల్లో 95 రూపాయలు పైనుంచి రావలసినవే. రాష్ట్రం ఇచ్చేది అందులో దాదాపు 15. మనకు రోజూ కనిపించే ప్రభుత్వం రాష్ట్ర ప్రభుత్వం. పంచాయతీలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర పరిధిలోని అంశం. కానీ పంచాయతీని పోషిస్తున్నది ఎక్కువగా కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసుతో వచ్చే సొమ్ము. రాష్ట్ర బడ్జెట్ల గురించి మాట్లాడేవారు ముందుగా గమనించవలసిన సంగతి ఇది.

ఆ డబ్బు ఊరిదాకా ఎలా వస్తుందో చూద్దాం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు 2 లక్షల 36 వేల 805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టిన సొమ్ము. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు, కార్యాలయ ఖర్చులకు వాడకూడదని నియమం పెట్టారు. వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుడి జీతం, పంచాయతీ ట్రాక్టరు నడిపే డ్రైవరు జీతం ఆ 40 శాతం నుంచి ఇవ్వడం కుదరలేదు. అవి పంచాయతీ సొంత ఆదాయం నుంచో, రాష్ట్రం ఇచ్చే నిధుల నుంచో రావాలి. ఊరిని రోజూ శుభ్రంగా ఉంచే మనుషులకు చాలావరకు రాష్ట్ర బడ్జెట్టే దిక్కు అన్నమాట.

ఇక్కడ ఒక చిన్న నిబంధన గురించి చెప్పాలి. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం సొమ్ము అందాక రాష్ట్రం పది పనిదినాల్లోపు దాన్ని స్థానిక సంస్థలకు చేర్చాలి. ఆలస్యమైతే ఆ రోజులకు వడ్డీతో సహా చెల్లించాలి. ఎంతో ఆలోచించి పెట్టిన నియమం అది. ఆలస్యం వల్ల ఊరికి జరిగే నష్టానికి దానిలో ఒక వెల కట్టారు. రాష్ట్రం తన సొంత ఖజానా నుంచి పంచాయతీలకు ఇవ్వవలసిన మొత్తాలకూ, రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేసి పంచాయతీలకు జమ చేయవలసిన స్టాంపు డ్యూటీ వాటాకూ, గనుల శాఖ నుంచి రావలసిన సీనరేజికీ, అంటే ఖనిజాల తవ్వకంపై వసూలయ్యే రుసుముకూ, ఇటువంటి గడువే, ఇటువంటి వడ్డీయే ఉండాలని నా అభిప్రాయం. భూముల క్రయవిక్రయాలు జోరుగా సాగే నగర శివారు పంచాయతీలకు స్టాంపు డ్యూటీ వాటా ఎంత పెద్ద ఆదాయమో, అది నెలల తరబడి రాకపోతే ఎంత ఇబ్బందో అక్కడి కార్యదర్శులకు బాగా తెలుసు.

ఆలస్యం అంటే ఏమిటో ఊరి స్థాయిలో చూస్తేనే తెలుస్తుంది. ఏప్రిల్ నెలలో, ఎండలు ముదిరాక, ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీరెక్కించే బోరు మోటారు కాలిపోయిందనుకోండి. మోటారును పైకి తీయించాలి, పట్టణానికి పంపి వైండింగ్ చేయించాలి, మళ్లీ దింపించాలి. కొన్ని వేల రూపాయల పని. పంచాయతీ ఖాతాలో డబ్బు ఉన్నట్టే పుస్తకంలో కనిపిస్తుంది. తీర్మానం రాసి, బిల్లు తయారుచేసి ట్రెజరీకి పంపితే అది టోకెన్ నంబరుతో ఆగిపోతుంది. బిల్లుల మీద ఆంక్షలున్నాయి, ఫ్రీజింగ్ ఉంది, అంటే చెల్లింపులు నిలిపేశారు అంటారు. కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లకు ఫ్రీజింగ్ సంగతి చెప్పలేం కదా. మెకానిక్కు అరువు పెట్టో, వడ్డీకి తెచ్చో సర్పంచే ఆ పని చేయిస్తాడు. ఆ బిల్లు ఎప్పటికి పాసవుతుందో తెలియదు. పదవీకాలం ముగిశాక కూడా చేసిన పనుల బిల్లుల కోసం మాజీ సర్పంచులు ఆందోళనకు దిగిన వార్తలు మనం చదివాం. అప్పు చేయగలిగిన వాడే సర్పంచి కాగలడనే స్థితి వస్తే, పేద కుటుంబాల నుంచి, రిజర్వేషన్ల ద్వారా గెలిచి వచ్చిన దళిత, గిరిజన సర్పంచులకు, మహిళలకు ఆ పదవి ఎంత భారమవుతుందో ఆలోచించండి. ట్రెజరీ జాప్యాన్ని లెక్కల సమస్యగా మాత్రమే చూడలేకపోతున్నది అందుకే. అది ప్రజాస్వామ్యానికి సంబంధించిన సమస్య.

రెండు తెలుగు రాష్ట్రాల అనుభవాలూ ఈ విషయంలో మనకు పాఠాలే. తెలంగాణ 2018లో తండాలను, గూడేలను విడిగా పంచాయతీలు చేసింది. నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి. తమ తండా పేరుతో తమకు ఒక పంచాయతీ, తమ మనిషే సర్పంచి కావడం లంబాడీ కుటుంబాలకు ఎంత గౌరవమో వేరే చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరులో 30 రోజుల కార్యాచరణతో మొదలై పల్లె ప్రగతిగా కొనసాగిన కార్యక్రమంలో, కేంద్ర ఆర్థిక సంఘం సొమ్ముకు రాష్ట్రం తన వాటా కలిపి, మొదట్లో నెలకు 339 కోట్ల రూపాయలు విడుదల చేసింది. నెలనెలా డబ్బు రావడమనేది పంచాయతీలు అంతకుముందు పెద్దగా ఎరగని సంగతి. ఊరూరా ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చాయి. నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం వచ్చాయి. దహన సంస్కారాలకు నీడ, నీళ్లు కూడా లేని ఊళ్లలో వైకుంఠధామం కట్టడం చాలా మంచి పని, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు.

అయితే ఆ కార్యక్రమంలో ఏం కట్టాలో ముందే నిర్ణయమైపోయింది. అన్ని ఊళ్లకూ ఒకే జాబితా. అయిదారు వందల జనాభా ఉన్న తండాకూ, అయిదారు వేల జనాభా ఉన్న మేజర్ పంచాయతీకీ ట్రాక్టరు తప్పనిసరి. ట్రాక్టరుకు తెచ్చిన బ్యాంకు అప్పు వాయిదా, డీజిలు, డ్రైవరు జీతం, వీధి దీపాల కరెంటు బిల్లు పోగా చిన్న పంచాయతీ చేతిలో మిగిలేది చాలా తక్కువ. గ్రామసభలో జనం తమకు ముందు మురుగు కాలువ కావాలని అడిగినా, నిధుల్లో దానికి చోటు ఉండేది కాదు. డబ్బు క్రమం తప్పకుండా రావడం ఎంత ముఖ్యమో, దాన్ని ఎక్కడ పెట్టాలో ఊరికి వదిలేయడం అంతే ముఖ్యం. మొదటిది చేసి చూపించిన రాష్ట్రం రెండోది కూడా చేసి ఉంటే ఎంత బాగుండేది!

తర్వాత మరొక సంగతి జరిగింది. 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు ఆర్థిక సంఘం గ్రాంటు ఇవ్వరు కనుక ఆ కాలంలో కేంద్రం సొమ్ము నిలిచిపోయింది. ఎన్నికలు వాయిదా పడితే పోయేది సర్పంచి పదవి ఒక్కటే అనుకుంటాం గానీ, బ్లీచింగ్ పౌడరు కొనడానికి కూడా కార్యదర్శి వెతుక్కోవలసి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు పార్టీలకు అతీతంగా నిరసన తెలిపారు. కరెంటు బకాయి కట్టవలసిందే, అందులో వాదం లేదు. కాని ఊరి ఖాతాలోని సొమ్మును ఊరికి తెలియకుండా పైనుంచే తీసేస్తే, ఆ పంచాయతీకి ఖాతా ఎందుకన్న ప్రశ్న వస్తుంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు ఎన్నో సేవలను గడప దగ్గరకు తెచ్చాయి. అయితే అక్కడ పనిచేసే ఉద్యోగులు తమ తమ శాఖలకు జవాబుదారులు. ఊరు ఎన్నుకున్న సర్పంచికి, ఊళ్లోనే ఉన్న సచివాలయానికి మధ్య సంబంధం ఏమిటన్నది తేలకుండా ఉండిపోయింది. ఆ ఖర్చు కూడా బడ్జెట్‌లో ఊరి కోసమే పెట్టినది. పంచాయతీ ద్వారా పెట్టి ఉంటే అదే రూపాయికి ఇంకా ఎక్కువ బలం ఉండేదని నేను నమ్ముతున్నాను.

2024 ఆగస్టులో అక్కడే ఒక చిన్న మార్పు జరిగింది. స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం జరుపుకోవడానికి చిన్న పంచాయతీలకు అంతవరకు ఇచ్చేది వంద రూపాయలు, మేజర్ పంచాయతీలకు 250. వంద రూపాయలతో జెండా పండగ! బడి పిల్లలకు మిఠాయిలు కూడా రావు. దాన్ని పది వేలకు, పాతిక వేలకు పెంచారు. అదే నెల 23న రాష్ట్రంలోని 13 వేలకు పైగా పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. మొత్తం బడ్జెట్‌లో ఇది లెక్కలోకి రాని ఖర్చే అయినా, ఎన్ని దశాబ్దాలుగా పాత అంకెలు అలాగే కొనసాగుతున్నాయో, వాటిని ఎవరూ తిరిగి చూడలేదో ఆ వంద రూపాయలు చెబుతాయి.

మన దక్షిణాదిలోనే ఉన్న కేరళ ఈ పనిని వేరే దారిలో చేసింది. 1996 ఆగస్టు 17న మొదలైన ప్రజా ప్రణాళికా ఉద్యమంలో రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు అప్పగించింది. వార్డుల్లో గ్రామసభలు కూర్చొని అవసరాలు చెప్పాయి. పదవీ విరమణ చేసిన ఇంజనీర్లు, ఉపాధ్యాయులు వచ్చి అంచనాలు వేసి పెట్టారు. ప్రణాళికలో కనీసం పది శాతం మహిళల కోసం కేటాయించాలన్న నియమం వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, వాటా శాతమూ మారుతూ వచ్చింది. అయినా ఒక పద్ధతి మాత్రం నిలిచింది. కేరళ బడ్జెట్ పత్రాల్లో నాలుగో అనుబంధం అని ఒకటి ఉంటుంది. రాష్ట్రంలోని ప్రతి పంచాయతీ పేరు, దాని ఎదురుగా ఆ ఏడాది దానికి రావలసిన మొత్తం అందులో అచ్చువేస్తారు. శాసనసభ ఆమోదించేది ఆ పట్టికతో సహా. ఎమ్మెల్యేను అడగవలసిన పని లేకుండా, మంత్రి పర్యటన కోసం ఎదురుచూడకుండా, తమ ఊరికి ఎంత వస్తుందో బడ్జెట్ నాడే అక్కడి పంచాయతీ సభ్యుడికి తెలుస్తుంది. ఎంత వస్తుందో ముందే తెలిస్తేనే ఏం చేయాలో ఆలోచించగలం.

డబ్బు పైనుంచి వచ్చినంత మాత్రాన ఊరు బలపడదన్నదీ నిజమే. వరంగల్ ప్రాంతంలో గీసుకొండ మండలంలోని గంగదేవిపల్లి పేరు చాలామంది విని ఉంటారు. తాగునీటికి ఒక కమిటీ, వీధి దీపాలకు ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, ఇలా ఊరి జనమే కమిటీలుగా ఏర్పడి పనులు చూసుకున్నారు. ఇంటి పన్ను నూటికి నూరు శాతం కట్టిన ఊరది. పన్ను కట్టిన మనిషి తన వీధి లైటు వెలగకపోతే ఊరుకోడు, పంచాయతీ ఆఫీసుకు వెళ్లి అడుగుతాడు. ఇంటి పన్ను వసూలు చేస్తే ఓట్లు పోతాయని భయపడే పంచాయతీకి, జనాన్ని లెక్క చెప్పమని అడగనివ్వని పంచాయతీకి తేడా తక్కువ. వసూలైన పన్నుకు సమానంగా రాష్ట్రం మరికొంత కలిపి ఇచ్చే పద్ధతి పెడితే ఈ భయం తగ్గుతుంది. పన్ను కట్టగల శక్తి లేని గిరిజన గూడేలకు ఆ షరతు లేకుండా కనీస మొత్తాన్ని ఇవ్వాలి.

మీ పంచాయతీకి వచ్చిన కేంద్ర నిధులు, చేసిన ఖర్చులు ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం పేర్లు ఎంచుకొని ఎవరైనా చూడవచ్చు. తర్వాతి ఏడాది ప్రణాళిక అక్టోబరు 2న మొదలయ్యే ప్రచార కాలంలో తయారవుతుంది. ఊళ్లో చాటింపు వినిపించినప్పుడు గ్రామసభకు వెళ్లి కూర్చుంటే మీ మాట అందులోకి ఎక్కుతుంది. రాష్ట్రం ఇవ్వవలసిన సొమ్ముకు మాత్రం ఇటువంటి ఏర్పాటు లేదు. తెలంగాణలోని పన్నెండు వేలకు పైగా పంచాయతీల పేర్లు, ఆంధ్రప్రదేశ్‌లోని పదమూడు వేలకు పైగా పంచాయతీల పేర్లు, ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఆ ఏటి మొత్తం, అది జమ కావలసిన తేదీలు అచ్చువేసిన పట్టికను వచ్చే బడ్జెట్‌తో పాటు శాసనసభల ముందు ఉంచాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

నమస్కారం.