లివర్ కింది నట్టు జోలికి పోకండి

(అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, ముందు వరసలోని పెద్దలకు, మెట్ల మీద కూర్చున్న పిల్లలకు, గేటు వదిలి రాలేక అక్కడినుంచే వింటున్న మన వాచ్‌మన్‌కు నమస్కారం. నన్ను రోడ్డు భద్రత మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. హెల్మెట్టు, సీటుబెల్టు గురించి పోలీసులు నాకంటే బాగా చెబుతారు. నేను మన ర్యాంపు మీది ఇటుకల గురించి మాట్లాడతాను.

నవ్వకండి. ప్రతి కారు చక్రం కిందా ఒక ఇటుక ముక్క. కారు వెళ్ళిపోతుంది, ఇటుక అక్కడే ఉంటుంది, సాయంత్రం ఏ పిల్లాడి సైకిలో దానికి తగులుకుంటుంది. ఇటుక ఎందుకండీ అంటే, ‘హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదు సార్’ అంటారు. బాగు చేయించలేదా అంటే, ‘చేయించాం సార్, మళ్ళీ మామూలే’. ఈ ‘మళ్ళీ మామూలే’ సంగతి చెప్పడానికే నేను మైకు పట్టుకున్నది.

1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ఏమంటుందంటే, లైసెన్సున్న మనిషి డ్రైవరు సీట్లో లేకుండా రోడ్డు మీద బండి నిలపాలంటే ఇంజను ఆపి, బ్రేకు వేసి ఉండాలి, లేదా బండి దానంతటదే కదలకుండా ఇంకేదైనా ఏర్పాటు చేసి ఉండాలి. ‘ఇంకేదైనా అంటే ఇటుకే కదా’ అని లాయరుగారు సైగ చేస్తున్నారు. సరే, ఆ పాయింటు మీదే. నెలరోజులు ఊరికి వెళ్తున్నప్పుడు, అదీ వానాకాలంలో, చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపలినుంచి ఒత్తి పట్టే బ్రేకు షూలు తుప్పుతో దానికి అతుక్కోకుండా హ్యాండ్‌బ్రేక్ వదిలేసి, గేరులో పెట్టి, చక్రానికి అడ్డు పెట్టమని నేనే చెబుతాను. కానీ అది సమంగా ఉన్న చోట. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అని కొండల్ని పేర్లలోనే పెట్టుకున్న ఊరు మనది. ఇక్కడ రోజూ ఇటుకను నమ్ముకుంటే కుదరదు.

ఇప్పుడు అసలు విషయం. మన చిన్నకార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే. కాలితో తొక్కినా చేత్తో లాగినా అవే షూలు పనిచేస్తాయి. వెనక కూడా డిస్కులున్న కొన్ని బండ్లలో ఆ డిస్కు నడిమి భాగం లోపల చిన్న డ్రమ్ము దాగి ఉంటుంది. అందులోని షూలు హ్యాండ్‌బ్రేక్ కోసమే. మరి బండి ఆగాక పట్టుకునే షూలు ఎందుకు అరుగుతాయి? చెప్పండి చూద్దాం. ఆగిన చక్రం దేన్నీ అరగదీయదు! అరిగాయంటే ఎవరో హ్యాండ్‌బ్రేక్ వేసే బండి నడిపారు. లేదా ఎవరో నట్టు బిగించారు.

ఆ నట్టు కథ చెప్పాలి. మూడో అంతస్తు టీచరమ్మగారి కారు హ్యాండ్‌బ్రేక్ లివరు నిట్టనిలువుగా లేచేది. ఒక గ్యారేజీకి ఇచ్చారు, పేరు వద్దు. అరగంటలో తిరిగొచ్చింది. రెండు క్లిక్కులకే పట్టేస్తోందని ఆవిడ సంబరపడ్డారు. కొన్నాళ్ళకే వెనక చక్రం దగ్గర కాలిన వాసన. రిమ్ము మీద చెయ్యి పెట్టలేకపోయాం. చల్లారాక ఇక్కడే విప్పాం. షూ మీది రాపిడి పొర, అదే లైనింగు, ఊడిపోయి డ్రమ్ములోంచి పెళ్ళలుగా రాలింది. ఐదో క్లాసు పిల్లాడొకడు ఒక పెళ్ళ తీసుకుని ‘తాతా, అప్పడం’ అన్నాడు. వెంటనే సబ్బుతో చేతులు కడిగించాను. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాతకాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ కూడా ఉండేది. డ్రమ్ము విప్పగానే కంప్రెసర్ గాలి కొట్టే అలవాటు మానండి. తడిగుడ్డతో తుడవండి, లేదా బ్రేక్ క్లీనర్ కొట్టండి.

ఆ గ్యారేజీవాళ్ళు చేసిందల్లా లివర్ కింద, షూలను లాగే కేబుల్ నట్టు బిగించడమే. ఖాళీ ఉన్నది చక్రం దగ్గర, షూకీ డ్రమ్ముకీ మధ్య. వాళ్ళు బిగించింది కేబుల్ని. లివరు కిందికి దించినా కేబుల్ లాగుతూనే ఉంది, షూ వెనక్కి రాలేదు, రాసుకుంటూ తిరిగింది, కాలింది. మొదట చక్రం దగ్గర సర్దాలి, ఆ తర్వాత కూడా వదులుంటేనే కేబుల్. ఐటీఐలో నేను మొదటి పాఠంగా చెప్పింది ఇదే. మళ్ళీ చెబుతున్నాను, మొదట చక్రం, తర్వాత కేబుల్.

డిస్కు లోపల షూలున్న బండి అయితే ఇంట్లో మార్చుకోవచ్చు. కానీ సమంగా ఉన్న చోటే. ర్యాంపు మీద జాకీ పెట్టారో, నాకు చెప్పకండి, నేను చూడలేను. ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. ఇటుకలు అప్పుడు పనికొస్తాయి, కాదన్ను. చక్రం నట్లు బండి ఎత్తకముందే వదులు చేయండి. జాకీ ఎత్తడానికే, బండి నిలవాల్సింది స్టాండ్ల మీద. హ్యాండ్‌బ్రేక్ దించండి. డిస్కుని నొక్కి పట్టే క్యాలిపర్ విప్పి తీగతో పైకి కట్టండి, బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వద్దు. డిస్కు రాకపోతే సుత్తితో బాదకండి. చిన్న రంధ్రం ఉంటుంది, అందులోంచి స్క్రూడ్రైవరుతో షూల ఎడం సర్దే పళ్ళ చక్రాన్ని తిప్పి షూల్ని లోపలికి లాగితే వస్తుంది.

ఇక స్ప్రింగులు. నాకు పని నేర్పిన పాతబస్తీ ఉస్తాద్ ఒక్కటే మాట అనేవారు: ‘స్ప్రింగుకి ముఖం చూపించకు.’ ఆయన స్ప్రింగు తీస్తుంటే తల పక్కకి తిప్పి, గుడ్డ కప్పి, పెళ్ళికూతురి మేలిముసుగు తీసేంత నెమ్మదిగా లాగేవారు. మా బ్యాచ్‌లో ఒకడు తొందరపడ్డాడు. టింగుమంది. స్ప్రింగు ఎటు పోయిందో తెలియదు, క్లాసు మొత్తం మోకాళ్ళ మీద వెతికింది. చివరికి వాడి చొక్కా జేబులోనే దొరికింది! కళ్ళద్దాలు పెట్టుకోండి బాబూ, దయచేసి.

ఏమిటి, టైమైపోయిందా? రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి, ఏది ఎక్కడో చూసుకోవడానికి నమూనా మిగులుతుంది. షూలు మాత్రం రెండు వైపులా కలిపే మార్చాలి. షూ అంచు ఆనే చోట వేడికి కరగని గ్రీజు పలచగా రాయండి, లైనింగుకి అంటకూడదు. పాత షూ ఆయిల్‌తో తడిసి ఉంటే ముందు ఆ ఆయిల్ కారుతున్న సీలు సంగతి చూడండి, లేకపోతే కొత్తవీ తడుస్తాయి. డిస్కు ఎక్కించాక పళ్ళ చక్రాన్ని డిస్కు తిరగనంతవరకు బిగించి, మాన్యువల్లో చెప్పినన్ని పళ్ళు వెనక్కి తిప్పండి. లివరు ఎన్ని క్లిక్కులకు పట్టాలో కూడా అందులోనే ఉంటుంది. ఆ పుస్తకం గ్లవ్‌బాక్సులో కవరు కూడా విప్పకుండా ఉంటుంది, నాకు తెలుసు.

వచ్చే ఆదివారం ఎవరైనా బండి ఇస్తే చేసి చూపిస్తాను. షూలకి రాణీగంజ్ విడిభాగాల బజారుకి వెళ్ళేవాళ్ళు మోడలు, తయారైన సంవత్సరం రాసుకుని వెళ్ళండి, పాత షూ చేత్తో పట్టుకెళ్తే ఇంకా మంచిది. స్విచ్చు నొక్కితే పడే ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ బండ్లు మాత్రం తేవద్దు. వాటి మోటారును ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి, చాలావాటికి దానికో స్కానర్ కావాలి, నా దగ్గర లేదు. ఆ బండ్లవాళ్ళు టీ తాగడానికి రండి.