36 గంటల లెక్క

శ్రోతలకు నమస్కారం. ఈ మాటలు చిన్నపిల్లలకు వచ్చే కవాసాకి వ్యాధి గురించి. 1961 జనవరిలో టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రికి నాలుగేళ్ల బాలుడొకడు వచ్చాడు. విడవని జ్వరం, కళ్లు ఎర్రబడ్డాయి కాని పుసి లేదు, పెదవులు పగిలాయి, నాలుక స్ట్రాబెర్రీ పండులా ఎర్రగా, గరుకుగా ఉంది, ఒంటినిండా దద్దుర్లు, మెడలో బిళ్ల. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, కొన్నాళ్లకు గోళ్ల అంచుల నుంచి తోలు ఊడింది. బాలుడు కోలుకున్నాడు. చూసిన పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి మాత్రం జబ్బు ఏమిటో తెలియలేదని రాసి ఇంటికి పంపారు. తెలిసిన పేరేదో ఒకటి తగిలించక, తెలియలేదని రాసినందుకే ఆయనంటే నాకు గౌరవం. అటువంటి పిల్లల కోసం కనిపెట్టుకుని ఉండి, 1967లో 50 మంది వివరాలు ప్రచురించారు.

అంతటి పరిశీలకుడు కూడా ఇది మచ్చ మిగల్చకుండా తగ్గిపోయే జబ్బేనని మొదట భావించారు. అయితే, తేరుకున్నారనుకున్న పిల్లల్లో కొందరు హఠాత్తుగా మరణించారు. గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనుల గోడలు వాపుతో బలహీనపడి, బుడగల్లా ఉబ్బి, లోపల రక్తం గడ్డకట్టడమే కారణమని శవపరీక్షల్లో తేలింది.

చికిత్స లేకపోతే నలుగురిలో ఒకరికి ఈ ఉబ్బు వస్తుంది. జ్వరం మొదలైన పది రోజులలోపు ఇమ్యునోగ్లోబులిన్‌ను, అంటే దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాల మందును, బరువులో కిలోకు 2 గ్రాముల చొప్పున, పది పన్నెండు గంటలపాటు నరం ద్వారా ఎక్కిస్తే, ఆ ముప్పు ఇరవై మందిలో ఒకరి వరకు తగ్గుతుంది. కాని నూటికి పది నుంచి ఇరవై మందిలో ఈ మందు లొంగదీయలేని జ్వరం ఉంటుంది. గుండెకు ఎక్కువ ప్రమాదం ఆ పిల్లలకే.

వారిని ముందే గుర్తించేందుకు జపాన్‌లో రక్తపరీక్షల ఆధారంగా మార్కులు వేసే పద్ధతులు ఉన్నాయి. ఇతర దేశాల పిల్లల విషయంలో అవి అంత నమ్మదగినవి కాలేదు. కనుక మనకు దిక్కు థర్మామీటరే. మందు ఎక్కడం పూర్తయిన గంటను కాగితంపై రాసుకోండి. మొదలైన గంట కాదు, పూర్తయిన గంట. అక్కడి నుంచి 36 గంటలు లెక్కపెట్టండి. ఆ 36 గంటలు దాటాక కూడా జ్వరం 100.4 డిగ్రీలు, ఆపైన ఉన్నా, తగ్గి మళ్లీ వచ్చినా, వెంటనే వైద్యులకు చెప్పాలి. పారాసెటమాల్ వేసే ముందే జ్వరం చూసి, వేసిన వేళ కూడా రాయాలి. లేకపోతే మందు దించిన అంకెను చూసి జబ్బే దిగిందని భ్రమపడతాం. ఆ కాగితాన్ని బట్టే రెండో విడత ఇమ్యునోగ్లోబులిన్, స్టెరాయిడ్ లేక వాపును అణచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఇవ్వాలా అన్నది వైద్యులు నిర్ణయిస్తారు.

పిల్లవాడు వీధిలో పరుగులు తీస్తున్నా, ఆరు నుంచి ఎనిమిది వారాలకు చేసే ఎకో పరీక్ష, అంటే గుండె స్కాన్, మానవద్దు. అంతవరకు, రక్తం గడ్డకట్టకుండా వైద్యులు ఇచ్చే ఆస్ప్రిన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. ఆ కాగితాన్ని టీకాల కార్డులోనే మడిచి పెట్టండి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిన పిల్లలకు తట్టు టీకాను సాధారణంగా 11 నెలలు వాయిదా వేయవలసి ఉంటుంది. టీకా వేసే సిస్టరుకు ఆ సంగతి మీరు చూపితేనే తెలుస్తుంది.