తెల్లారేసరికి ఇల్లు వెచ్చబడాలంటే

అందరికీ నమస్కారమండి. ఈ లైబ్రరీ హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామందికి పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నారు, ఈ చలికాలం ప్రయాణం పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, అందుకే కార్యదర్శిగారు ఏదైనా మాట్లాడమనగానే అక్కడి ఇళ్ళల్లో గోడకుండే థర్మోస్టాట్, అంటే ఇంటి వేడిని అదుపుచేసే డబ్బా గురించి చెప్తానన్నాను.

పోయిన జనవరిలో నేను అమెరికాలోని షార్లెట్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నాను. పగలు ఇల్లు 70 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 21 డిగ్రీలు. రాత్రి పదింటికి దానంతటదే 62కి, అంటే సుమారు 17కి దిగేలా పెట్టుకున్నారు. దీన్నే సెట్‌బ్యాక్ అంటారు. నాకేమో తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ, కాళ్ళు చల్లగా అయిపోతున్నాయి, ఎక్కువ పెడితే తొందరగా వేడెక్కుతుందనుకుని లేచెళ్ళి ఆ డబ్బా మీద 80 నొక్కేవాణ్ణి. కాసేపటికి నేలమీద జాలీలోంచి దుమ్ము కాలిన వాసన వచ్చేది, తెర మీద ‘ఆక్స్ హీట్’ అని పడేది. పది పన్నెండు రోజులు ఇలాగే చేశాను. కరెంటు బిల్లు వచ్చాక అల్లుడుగారు ఒక్క మాటా అనలేదు గానీ అమ్మాయి మాత్రం “నాన్నా, ఇలా కూర్చో” అని మొత్తం విప్పి చెప్పింది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. రాత్రి వేడి తగ్గించి పొద్దున్న మళ్ళీ ఎక్కిస్తే ఆ ఎక్కించడానికే మిగిలిందంతా పోతుందని చాలామంది అంటారు. కాదండి. రొయ్యల చెరువు గట్టు పక్కన వరిచేను ఉందనుకోండి, చెరువులో నీళ్ళు నిండుగా ఉంటే చేలోకి ఊట ఎక్కువ, మట్టం దింపితే ఊట తగ్గుతుంది. ఇంటి వేడీ అంతే, లోపలికీ బయటికీ ఎంత తేడా ఉంటే అంత జోరుగా బయటికి పోతుంది. పొద్దున్న మళ్ళీ నింపడానికి పోసేవి రాత్రి మట్టం దిగేటప్పుడు పొయ్యకుండా ఆపుకున్న నీళ్ళే, మధ్యలో ఊట తగ్గిందే అదే మనకి మిగులు. రోజుకి 8 గంటలు 7 నుంచి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గిస్తే ఇంటి వేడికీ చల్లదనానికీ అయ్యే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా కలిసొస్తుందని అమెరికా ఇంధన శాఖ చెప్తోంది.

ఇక పొద్దున్న ఎక్కించడం, దాన్నే రికవరీ అంటారు. ఇది మన డెల్టా వాళ్ళకి చెప్పక్కర్లేదసలు. ధవళేశ్వరంలో తలుపులెత్తిన రోజే అంతర్వేది వైపు శివారు చేలకి నీళ్ళొస్తాయా? వేసవంతా కట్టేసిన కాలవ అడుగు తడవాలి, పిల్లకాలవలు నిండాలి, ఆ తర్వాతే శివారు. ఫలానా రోజుకి నారుమళ్ళకి నీళ్ళు కావాలంటే ముందే వదలాలి, కాలవ ఎంత ఎండిపోయి ఉంటే అంత ముందు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మనం ఈ లెక్క మీదే పంట పండిస్తున్నాం. మంచి థర్మోస్టాట్ చేసేదీ అదే. మీరు ఆరింటికి 70 అని పెడితే ఆరింటికి మొదలెట్టదు, ఆరింటికల్లా 70 ఉండేలా ఏ నాలుగున్నరకో ఐదుకో మొదలెడుతుంది. నిన్న గంటకి ఎన్ని డిగ్రీలెక్కింది, మొన్న ఎంత పట్టింది అని గుర్తుపెట్టుకుని కొన్ని రోజుల్లో మీ ఇంటి తీరు పట్టేస్తుంది. పాతరకం వాటికి ఈ తెలివి లేదు, ఆరింటికే మొదలెడతాయి, కాబట్టి వాటిలో టైము మనమే ముందుకి జరుపుకోవాలి. 1883లో విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ పేటెంట్ తీసుకున్న కరెంటు థర్మోస్టాట్ గది వేడి సంగతి కింద ఉన్న మనిషికి గంట కొట్టి చెప్పేదంతే, అక్కణ్ణుంచి ఇక్కడిదాకా వచ్చిందన్నమాట.

మరి 80 పెడితే ఏమవుతుంది? మామూలు గ్యాస్ ఫర్నేస్‌కి, అంటే గ్యాస్ మండించి ఇల్లు వేడిచేసే యంత్రానికి, ఒకటే వేగం, తలుపు పూర్తిగా ఎత్తేశాక ఇంకా ఎత్తడానికేం ఉండదు కదండీ, కాకపోతే 70 దగ్గర ఆగకుండా 80 దాకా కాలుతూనే ఉంటుంది. హీట్ పంప్ ఉన్న ఇంట్లో మాత్రం కథ వేరు, మా అమ్మాయి వాళ్ళది అదే. హీట్ పంప్ బయట గాలిలో ఉన్న వేడిని తోడి లోపల పోస్తుంది, మరీ గడ్డకట్టే చలి కాకపోతే ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. గదికీ మనం పెట్టిన అంకెకీ తేడా ఒక్కసారిగా ఎక్కువైతే మాత్రం ఇది ఒక్కటే చాలదని సాయానికి హీటర్ కాయిల్ వెలుగుతుంది, అదే ఆక్స్ హీట్. అది మన బాత్రూం గీజర్ లాంటిదే, ఒక యూనిట్‌కి ఒక్క యూనిట్ వేడి, అంతకుమించి రాదు. రాత్రంతా మిగిల్చింది నేను గంటలో తగలేశానన్నమాట. అందుకే హీట్ పంప్‌కి పనికొచ్చే థర్మోస్టాట్ తెల్లవారుజాము నుంచీ ఒక్కో డిగ్రీ మెల్లగా పెంచుకుంటూ పోతుంది, వీలైనంతవరకూ కాయిల్ వెలగనివ్వదు.

నేల కింద గొట్టాల్లో వేడినీళ్ళు తిరిగే ఇళ్ళు కూడా ఉంటాయి, కాంక్రీటు వేడెక్కడానికి గంటలు గంటలు పడుతుంది, అక్కడ రాత్రి ఎక్కువ తగ్గించడం దండగ.

ఇంకోటండి, అంకె 70 చూపించినా ఇంకో అరగంట చలిగానే అనిపిస్తుంది, ఎందుకంటే గాలి వేడెక్కింది గానీ గోడలు, సోఫా ఇంకా చల్లగానే ఉన్నాయి. అప్పుడు డబ్బా ముట్టుకోకండి, మేజోళ్ళు వేసుకుని స్వెట్టర్ తొడుక్కోండి, టీ పెట్టుకోండి. వెళ్ళగానే పిల్లల్ని అడగాల్సింది ఒక్కటే, ఇంట్లో గ్యాసా, హీట్ పంపా అని. సెట్టింగుల్లో ‘స్మార్ట్ రికవరీ’ అనో ‘ఎర్లీ స్టార్ట్’ అనో ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడమనండి. నాలుగు రోజులు అందరూ కలిసి ఊరెళ్తుంటే కూడా పూర్తిగా కట్టెయ్యొద్దని చెప్పండి, 55 ఫారెన్‌హీట్ కంటే కిందకి దిగనివ్వకూడదు, గోడల్లో నీళ్ళ పైపులు గడ్డకట్టి పగిలితే ఇల్లంతా నీళ్ళే.