జైలుకెళ్లొచ్చిన తెల్లవాడికి 17, తప్పే చేయని నల్లవాడికి 14

నమస్తే అండి. డల్లాస్ నుంచి హైదరాబాద్ దాకా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సంబరం. 2025 జనవరిలో ట్రంప్ వచ్చీ రాగానే ప్రభుత్వ ఆఫీసుల్లో డీఈఐ (అన్ని వర్గాలకూ అవకాశం దక్కాలనే వైవిధ్య కార్యక్రమాలు) ఎత్తేశాడు, నల్లవాళ్లకు ఊరికే ఉద్యోగాలిచ్చే రోజులు పోయాయి, ఇక మెరిట్‌దే రాజ్యం అని. ఆ గొడవంతా మీకు తెలిసిందే. నేను రెండు అంకెలు చెప్తాను. 17, 14. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి చాలు.

2001లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో డెవా పేజర్ అనే సోషియాలజిస్ట్ ఒక పరీక్ష పెట్టింది. చక్కగా మాట్లాడే కాలేజీ కుర్రాళ్లను, ఇద్దరు తెల్లవాళ్లు, ఇద్దరు నల్లవాళ్లు, జంటలుగా చిన్న చిన్న ఉద్యోగాలకు పంపింది. అందరికీ ఒకే రకం చదువు, ఒకే రకం అనుభవం. ప్రతి జంటలో ఒకడు మాత్రం కొకైన్ కేసులో 18 నెలలు జైల్లో ఉన్నానని అప్లికేషన్‌లో రాయాలి. మొత్తం 350 చోట్లకు వెళ్లారు. జైలుకెళ్లానని చెప్పిన తెల్లవాడికి 17 శాతం చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఏ కేసూ లేని నల్లవాడికి? 14 శాతం! మళ్లీ చెప్తున్నాను. డ్రగ్స్ కేసున్న తెల్లవాడికి 17, మచ్చలేని నల్లవాడికి 14. ఇందులో మెరిట్ ఎక్కడుందో నాకు చూపించండి!

ఇది మగవాళ్ల కథ. ఆడవాళ్ల సంగతి వేరు, అసలు గొడవ అక్కడే ఉంది.

2018లో రాజ్ చెట్టి, అవును, ఢిల్లీలో పుట్టిన ఆ ఎకనమిస్టే, తన టీమ్‌తో కలిసి దాదాపు 2 కోట్ల మంది పిల్లల లెక్కలు తీశాడు. తల్లిదండ్రుల ఆదాయం ఒకటే అయినా నల్ల మగపిల్లలు పెద్దయ్యాక తెల్ల మగపిల్లల కన్నా చాలా తక్కువ సంపాదిస్తున్నారు. ఆడపిల్లల్లో మాత్రం ఆ తేడా దాదాపు లేదు. వెంటనే కొందరు "చూశారా, నల్ల ఆడవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు" అని మొదలుపెడతారు. ఆగండి! ఆ పోలిక ఎవరితో? తెల్ల ఆడవాళ్లతో. మగవాళ్ల జీతంతో చూస్తే ఆ తెల్ల ఆడవాళ్లే వెనకబడి ఉన్నారు కదా!

నా థియరీ ఇది, గట్టిగా చెప్తున్నాను. నల్ల మగవాణ్ని గుమ్మం దగ్గరే ఆపేస్తారు, ఎందుకంటే భయం. నల్ల ఆడమనిషి లోపలికి వచ్చినా ఆమె మాట వినరు, ఎందుకంటే నమ్మరు.

సాక్ష్యం కావాలా? సెయింట్ లూయిస్‌లోని జనరల్ మోటార్స్ కేసు చూడండి. ఫ్యాక్టరీ పనికి నల్ల మగవాళ్లు, ఆఫీసు పనికి తెల్ల ఆడవాళ్లు. 1964కి ముందు నల్ల ఆడవాళ్లను తీసుకునేవాళ్లే కాదు. తర్వాత తీసుకున్నారు, కానీ 1970ల్లో మాంద్యం రాగానే చివర చేరినవాళ్లు ముందు పోవాలన్నారు. చివర చేరింది ఎవరు? వీళ్లే! ఎమ్మా డీగ్రాఫెన్‌రీడ్, మరో నలుగురు కోర్టుకెళ్లారు. 1976లో జడ్జి తేల్చిందేమిటంటే, జాతి వివక్ష అని కేసు వేసుకోండి, లేదా ఆడ, మగ వివక్ష అని వేసుకోండి, రెండూ కలిపి మాత్రం కుదరదని. ఆడవాళ్లను తీసుకున్నారు కదా అన్నారు. ఆ తీసుకున్నది తెల్లవాళ్లను! ఈ కేసు పట్టుకునే 1989లో కింబర్లీ క్రెన్‌షా అనే లా ప్రొఫెసర్ ఇంటర్‌సెక్షనాలిటీ అనే వాదన తెచ్చింది, అంటే జాతి వివక్ష, ఆడ, మగ వివక్ష రెండూ కలిసి ఒకే మనిషి మీద పడతాయని. ఇప్పుడు యూట్యూబ్ నిండా తిట్లు తింటున్న మాట అదే.

డబ్బుంటే మాట వింటారా? 23 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన సెరెనా విలియమ్స్‌ని అడగండి. 2017లో కాన్పు అయిన మర్నాడు ఊపిరి ఆడక, నాకు రక్తం గడ్డకట్టే జబ్బుంది, వెంటనే సీటీ స్కాన్ తీయండి అని నర్సుకు తనే చెప్పింది. నొప్పి మందుల వల్ల ఏదో మాట్లాడుతోందని నర్సు అనుకుంది. ముందు కాళ్లకు అల్ట్రాసౌండ్ చేశారు. చివరికి స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు! సెరెనాకే ఇలా జరిగితే డెట్రాయిట్‌లో క్యాషియర్‌గా చేసే అమ్మాయి గతేంటి? 2022లో అమెరికాలో లక్ష ప్రసవాలకు దాదాపు 50 మంది నల్లజాతి తల్లులు చనిపోయారు. తెల్ల తల్లుల్లో 19 మంది.

ఇక మనవాళ్లకు ఒక మాట. 1946 చట్టం ప్రకారం ఇండియా మొత్తానికి అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. వంద! ఆ తలుపు తెరిచింది 1965 ఇమిగ్రేషన్ చట్టం. పౌరహక్కుల కోసం నల్లవాళ్లు రోడ్ల మీద దెబ్బలు తిని తెచ్చిన ఆ వేడిలోనే అది పాసైంది. ఆ చట్టం లేకపోతే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మన బతుకమ్మ ఎక్కడ ఆడేవాళ్లం? మెరిట్ గురించి స్టేటస్‌లు పెట్టేవాళ్లు దీనికి జవాబు కామెంట్‌లో రాయండి. ఒక్కొక్కటీ చదువుతాను.