కుంగుబాటు రక్తంలో వస్తుందా? నెల్లూరు స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈనాటి చర్చకు కారణం కోవూరు వైపు నుంచి ఒక అమ్మాయి రాసిన ఉత్తరం. రొయ్యల గుంటల్లో నష్టపోయిన ఆమె తండ్రి రెండేళ్లుగా కుంగుబాటుకు మందులు వాడుతున్నారట. ఆ సంగతి తెలిసిన పెళ్లివారు ‘అది రక్తంలో ఉన్న జబ్బు’ అని సంబంధం వదులుకున్నారట. డాక్టరు గారూ, ఆ మాటలో నిజమెంత?

మానసిక వైద్యుడు: నిజం కొంతే, దాని చుట్టూ అల్లుకున్న భయమే ఎక్కువ. కవలల అధ్యయనాలను 2000లో కలిపి లెక్కించినప్పుడు, కుంగుబాటు విషయంలో మనుషుల మధ్య కనిపించే తేడాలో సుమారు 37 శాతం వంశపారంపర్యమని తేలింది. అది జనసమూహం మొత్తానికి చెందిన అంకె. ‘తండ్రికి ఉంటే కూతురికి 37 శాతం వస్తుంది’ అని చదువుకోవడం తప్పు. తండ్రికి ఉన్నప్పుడు పిల్లలకు ముప్పు పెరుగుతుందన్నది కాదనలేము, కానీ ఏ ఇబ్బందీ లేకుండా జీవితం గడిపే పిల్లలూ ఎందరో ఉన్నారు.

వ్యాఖ్యాత: అయితే ఆ జన్యువు ఏదో పరీక్షలో తెలియదా?

జన్యుశాస్త్ర అధ్యాపకురాలు: ‘ఆ జన్యువు’ అన్నది లేదండీ. మెదడు కణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి కణంలోకి చేర్చే ప్రోటీన్ తాలూకు జన్యువులో ఒక రకం ఉన్నవారు కష్టాలు ఎదురైనప్పుడు ఎక్కువగా కుంగిపోతారని 2003లో ఒక అధ్యయనం చెప్పింది. నేనూ ఏళ్ల తరబడి అదే పాఠం చెప్పాను. 2019లో లక్షల మంది సమాచారంతో అలాంటి 18 జన్యువులను పరీక్షిస్తే, ఊరికే ఎంచుకున్న జన్యువుల కంటే వాటికి ప్రత్యేకత ఏమీ కనిపించలేదు. 29 దేశాలకు చెందిన 50 లక్షల మందికి పైగా సమాచారంతో 2025లో వెలువడిన పరిశోధన దాదాపు 700 జన్యు తేడాలను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం మాత్రం చాలా స్వల్పం.

వ్యాఖ్యాత: మెదడులో మార్పులు వస్తాయంటారు కదా?

మానసిక వైద్యుడు: జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం, కుంగుబాటు ఉన్నవారిలో సగటున ఒక శాతానికి కాస్త అటూఇటూగా చిన్నదని 2016లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. రెండు బస్తాల మొలకొలుకుల మధ్య గింజ పొడవులో సగటున వెంట్రుకవాసి తేడా ఉందనుకోండి. ఒక్క గింజను అరచేతిలో పెట్టుకొని అది ఏ బస్తాదో చెప్పగలమా? స్కానింగ్ తీసి కుంగుబాటును నిర్ధారించలేకపోవడానికి కారణం ఇదే.

ఆ మార్పు ఒత్తిడి వల్ల కూడా రావచ్చు. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు ఎప్పుడు తగులుతుందోనన్న దిగులుతో, గుంటలో ఆక్సిజన్ పడిపోతుందేమోనని రాత్రంతా ఏరియేటర్ల చప్పుడు వింటూ నెలల తరబడి నిద్ర కాచిన మనిషి ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ క్రమం తప్పవచ్చు. దీర్ఘకాలం ఒత్తిడికి గురైన ఎలుకల్లో ఈ భాగంలోని నాడీకణాల శాఖలు కుదించుకుపోతాయి, ఒత్తిడి తొలగితే చాలావరకు తిరిగి పెరుగుతాయి. ఈ రెండో సగాన్ని మనం చెప్పుకోవడం తక్కువ.

వ్యాఖ్యాత: ఉత్తరంలో చివరి వాక్యం చదువుతాను: ‘మాత్రల పట్టీ పెళ్లివారి కంటపడకూడదని బియ్యం డబ్బాలో దాచాం, వారం నుంచి నాన్న వేసుకోవడమే మానేశారు.’

మానసిక వైద్యుడు: అమ్మా, ముందు ఆ పట్టీని బయటికి తీసి, ఈ రోజే మీ డాక్టరుతో మాట్లాడండి. ఉన్నట్టుండి మానితే తలతిరుగుడు, నిద్రలేమి రావచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. డాక్టరు అందకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. సంబంధం సంగతి ఆ తర్వాత చూసుకుందాం.