పూడిక మట్టిలో లోహాలు: అంకెను నమ్మే ముందు

అందరికీ నమస్కారం. చెరువుల పరిరక్షణ సంఘాల వాళ్లూ, పీజీ విద్యార్థులూ వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం మానేసి నేరుగా బురదలోకి దిగుదాం.

కూకట్‌పల్లి నాలా ఏళ్ల తరబడి పరిశ్రమల వ్యర్థజలాలను హుస్సేన్‌సాగర్‌లో కలిపింది. అలాంటి చెరువులో నీటిని పరీక్షిస్తే లోహాలు తక్కువగా కనబడటం మామూలే. సీసం, క్రోమియం, రాగి నీళ్లలో ఎక్కువసేపు నిలవవు. బంకమట్టికీ, ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లకీ, కుళ్లిన ఆకూఅలములకీ అంటుకుని అడుక్కి చేరతాయి. అందుకే పరీక్షించాల్సింది పూడికను. కాకపోతే అందులో వచ్చిన అంకెను ఉన్నదున్నట్టు నమ్మితే మోసపోతాం.

ముందు మట్టి తీయడం. గ్రాబ్ (అడుగు మట్టిని దవడలతో పట్టి తెచ్చే పరికరం) పైకి రాగానే దవడల్లో రాయి ఇరుక్కుందేమో చూడండి. సందులోంచి నీళ్లు కారితే సన్నటి ఒండ్రు వాటితోపాటే పోతుంది, లోహాలు ఉండేది అందులోనే. ఆ మట్టిని పారబోసి మళ్లీ వేయండి. బాగా వచ్చిన మట్టిలో పై 5 సెంటీమీటర్లు, ఇనుప గోడలకు తగలని మధ్య భాగం మాత్రం ప్లాస్టిక్ గరిటెతో తీసుకోండి. నాలా మూతి దగ్గర ఇసుక ఎక్కువ, మధ్యలో బంకమట్టి ఎక్కువ. రెండింటినీ అలాగే పోలిస్తే నాలా మూతే శుభ్రంగా ఉందనే వింత ఫలితం రావచ్చు. 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, కిందికి దిగిన సన్నమట్టినే పోల్చాలి. ఆ జల్లెడ నైలాన్‌దే కావాలి, ఇత్తడిదైతే రాగి, జింక్ దాన్నుంచే కలుస్తాయి. పాదరసం చూడాలంటే 40 డిగ్రీలు దాటి ఆరబెట్టొద్దు, ఆవిరై పోతుంది. తేమ శాతం కోసం 105 డిగ్రీల్లో ఎండబెట్టేది వేరే ముక్క.

కరిగించడానికి అర గ్రాము మట్టి చాలు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మూడు పాళ్లు, నైట్రిక్ ఒక పాలు. ఈ ద్రవరాజం సిలికేట్లను పూర్తిగా కరిగించదు. క్రోమియంలో కొంత ఖనిజంలోనే ఉండిపోతుంది, కాబట్టి రిపోర్టులో ‘మొత్తం క్రోమియం’ అని రాయకండి. లోహాలను వాటి ద్రవ్యరాశిని బట్టి కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో ఇంకో చిక్కుంది. ఆమ్లంలోని క్లోరిన్ ఆర్గాన్‌తో కలిసి 75 ద్రవ్యరాశి దగ్గర ఆర్సెనిక్ వేషం వేస్తుంది. ఇలాంటి దొంగ వేషాలను వడకట్టే కొలిజన్ సెల్ అనే భాగాన్ని ఆన్ చేయకుండా ఇచ్చిన ఆర్సెనిక్ అంకెను పట్టించుకోనక్కర్లేదు.

అసలు తగువు ఇక్కడ. ఎంత ఉంటే కాలుష్యం? మంజీరా మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో, దక్కన్ బసాల్ట్ మీద పుడుతుంది. పటాన్‌చెరు వైపు నుంచి వచ్చి అందులో కలిసే నక్కవాగుది గ్రానైట్ నేల. 1961లో భూరసాయన శాస్త్రవేత్తలు టురేకియన్, వెడెపోల్ ఇచ్చిన శిలల సగటుల్లో నికెల్ కిలోకు బసాల్ట్‌లో 130 మిల్లీగ్రాములు, సున్నం తక్కువ ఉన్న గ్రానైట్‌లో 4.5, షేల్‌లో (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన శిల) 68. ఇప్పుడు మీ మట్టిలో 60 వచ్చిందనుకోండి. సహజ స్థాయిని మించి లోహం ఎంత చేరిందో చెప్పే భూసంచయన సూచీ కట్టాలంటే వచ్చిన విలువను నేపథ్య విలువకు (కాలుష్యం లేనప్పుడు సహజంగా ఉండే మోతాదు) ఒకటిన్నర రెట్లతో భాగించి, 2 ఆధారంగా లాగరిథమ్ తీయాలి. బసాల్ట్‌తో మైనస్ 1.7, షేల్‌తో మైనస్ 0.77, అంటే కాలుష్యం లేనట్టే. గ్రానైట్‌తో 3.15, అంటే తీవ్ర కాలుష్యం! మట్టి అదే, తీర్పులు రెండు. చాలామంది కళ్లు మూసుకుని షేల్ సగటు వేసేస్తారు. అది సోమరితనం. అదే వాగులో, పరిశ్రమలకు ఎగువన తీసిన మట్టో, పొరలు చెదరకుండా మట్టిని నిలువుగా తీసే కోర్ గొట్టం అడుగున దొరికే పాత పొరో నేపథ్యంగా పెట్టుకోండి. ఒకసారి పూడిక తీసిన చోట మాత్రం కోర్ వేయొద్దు, పొరల వరుస చెదిరి ఉంటుంది.

లోహం ఏ రూపంలో ఉందన్నది కూడా చూడాలి. ఒక గ్రాము మట్టిని 0.11 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 40 మిల్లీలీటర్లలో 16 గంటలు కుదిపితే బయటికొచ్చేది తేలిగ్గా కదిలే భాగం. కాడ్మియం, జింక్ తరచూ ఇందులో కనబడతాయి. కంపుకొట్టే నల్ల బురదను ఎండబెట్టాక ఈ పరీక్ష చేస్తే లెక్క తప్పుతుంది. గాలి తగిలి సల్ఫైడ్లు ఆక్సీకరణం చెంది, బంధించి ఉన్న లోహాలు విడుదలవుతాయి. అందుకే అలాంటి మట్టిని నైట్రోజన్ కింద తెరవాలి.

పొలంలోనూ జరిగేది ఇదే. 2015 నుంచి మిషన్ కాకతీయలో పూడికను రైతులు పొలాలకు తోలుకున్నారు. వ్యర్థాలు కలవని ఊరి చెరువు మట్టి అయితే నిజంగా మంచిదే. పరిశ్రమల నాలా కలిసే చెరువుది అయితే తోలే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ట్రేలో పలచగా పరిచి, తడి ఆరిపోకుండా చూస్తూ వారానికోసారి పీహెచ్ రాయండి. ఎనిమిది వారాలైనా ఓపిక పట్టాలి. సల్ఫైడ్లు ఆక్సీకరణం చెందితే ఆమ్లం పుడుతుంది, మట్టిలో సున్నం ఉంటే దాన్ని కొంతవరకు కాచుకుంటుంది. పీహెచ్ వారం వారం పడిపోతుంటే కాడ్మియం కదులుతుందని అనుమానించాలి. వరి మడిలో నీళ్లు తీసేశాక ఆ కాడ్మియం గింజలోకి ఎక్కే వీలుంటుంది. ఆర్సెనిక్ దీనికి తిరగబడి, నీళ్లు నిలిచిన మడిలో ఎక్కుతుంది. కాబట్టి నీటి యాజమాన్యం మార్చి రెండింటినీ ఒకేసారి ఆపలేం. అలాంటి మట్టి ట్రాక్టర్ ఎక్కకూడదు.