‘జోలీన్’ కవర్లు: బతిమాలాట ఎవరి గొంతులో నిలబడింది?

నమస్తే అండి. ఈ వీడియో అంతా ఒక్క పాట గురించే. డాలీ పార్టన్ రాసి, పాడిన కంట్రీ పాట ‘జోలీన్’. 1973 మేలో నాష్‌విల్‌లోని ఆర్‌సీఏ స్టూడియో బీలో రికార్డ్ చేశారు. ప్రొడ్యూసర్ బాబ్ ఫెర్గూసన్. అక్టోబరులో సింగిల్‌గా వచ్చి, 1974 ఫిబ్రవరికి అమెరికా కంట్రీ చార్ట్‌లో నంబర్ వన్ అయింది. బ్రిటన్‌లో టాప్ టెన్‌కి చేరడానికి 1976 దాకా పట్టింది. అప్పటినుంచి గోత్ రాక్ (చీకటి మూడ్ ఉన్న రాక్) నుంచి అకపెల్లా (వాయిద్యాలు లేకుండా గొంతులతోనే పాడడం) దాకా దీన్ని పాడని జానర్ లేదు.

కవర్లు, అంటే వేరేవాళ్లు మళ్లీ పాడిన వెర్షన్ల గురించి మాట్లాడేముందు అసలు పాట ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఒకావిడ జోలీన్ అనే ఇంకో ఆవిడని బతిమాలుతోంది: ‘నా మనిషిని తీసుకుపోకు, నువ్వు తలుచుకుంటే తీసుకుపోగలవు, అయినా వద్దు.’ తిట్టదు, శాపనార్థాలు పెట్టదు. పైగా ఎదుటి మనిషి జుట్టు, ఒంటి రంగు, కళ్లు, నవ్వు, గొంతు అన్నిటినీ పొగుడుతుంది. అతను నిద్రలో కూడా ఆమె గురించే మాట్లాడుతున్నాడని ఆమెకే చెబుతుంది. జోలీన్ బదులివ్వదు. చివరికి ఏమైందో మనకి తెలీదు. ఇంత కథా దాదాపు రెండువందల మాటల్లో అయిపోతుంది! తన భర్తతో చనువుగా ఉండే ఒక బ్యాంకు ఉద్యోగిని చూసి ఈ పాట పుట్టిందనీ, ఆటోగ్రాఫ్ కోసం వచ్చిన ఎర్రజుట్టు చిన్నపిల్ల దగ్గర పేరు తీసుకున్నాననీ డాలీయే ఇంటర్వ్యూల్లో చెప్పారు.

ఇక సంగీతం. సి షార్ప్ మైనర్, మన లెక్కలో ఒకటిన్నర శృతి. గిటార్ ఉన్నవాళ్లు కేపో (తీగలన్నిటినీ ఒకచోట నొక్కి శృతి పెంచే క్లిప్) నాలుగో ఫ్రెట్‌లో పెట్టి ఎ మైనర్ షేప్స్ వాయించండి. పేరు పిలిచే లైన్‌కి ఎ మైనర్, సి, జి, మళ్లీ ఎ మైనర్. బతిమాలే లైన్‌కి జి, ఎ మైనర్; మధ్యలో ఇ మైనర్ కూడా పడుతుంది. టెంపో నిమిషానికి దాదాపు 110 బీట్స్.

నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మైనర్ పాట కదా అని చేతి అలవాటుకొద్దీ ఇ మేజర్ పట్టేస్తారు. ఇ మేజర్‌తో పాటు కాకలి నిషాదం (పై ‘ని’) వచ్చి కూర్చుంటుంది, లైన్ బరువుగా షడ్జమానికి వచ్చి ఆగిపోతుంది. అసలు పాటలో ఉన్నది కైశికి నిషాదం (కింది ‘ని’). అందుకే చరణం ముగిసినా ముగిసినట్టు ఉండదు, మళ్లీ అడగాలనిపిస్తుంది. ఆవిడ అదే పేరు మళ్లీ మళ్లీ పిలవడానికి ఈ కార్డులే దారి వేస్తున్నాయి.

రెండో తప్పు, స్ట్రమ్మింగ్. అంటే తీగలన్నిటినీ కలిపి మీటడం. అసలు రికార్డింగ్‌లో చిప్ యంగ్ వాయించిన ఆ గిటార్ పూర్తిగా ఫింగర్ పికింగ్, వేళ్లతో తీగల్ని విడివిడిగా మీటడం. బొటనవేలు బేస్ తీగల మీద ఆగకుండా అటూ ఇటూ నడుస్తుంది, మిగతా వేళ్లు పై తీగల మీద సందులు నింపుతాయి. గొంతు నెమ్మదిగా వేడుకుంటుంటే కింద గిటార్ గుండెదడలా పరుగెడుతుంది. ప్రాక్టీస్ 70 బీట్స్ దగ్గర మొదలుపెట్టండి. బొటనవేలు తడబడకుండా నాలుగు కార్డులూ మారిన తర్వాతే వేగం పెంచండి.

సరే, కవర్లు. నా కొలత ఒకటే: ఆ భయం మిగిలిందా లేదా?

ఒలీవియా న్యూటన్-జాన్, 1976. గొంతు శుభ్రంగా, తియ్యగా ఉంటుంది. జపాన్‌లో బాగా హిట్ అయింది. వినడానికి హాయిగా ఉంది, కానీ ఆ హాయే నాకు అడ్డం. మొగుడు పోతాడేమోనన్న మనిషి గొంతు ఇది కాదు. 1985లో గ్లాస్గో జంట స్ట్రాబెర్రీ స్విచ్‌బ్లేడ్ చేసిన సింథ్-పాప్ వెర్షన్‌ది కూడా దాదాపు ఇదే కథ.

గోత్ రాక్ బ్యాండ్ ద సిస్టర్స్ ఆఫ్ మెర్సీ 1983లో బీబీసీ రేడియో సెషన్‌లో పాడారు. డ్రమ్మర్ లేడు, డ్రమ్ మెషీన్. పైన ఆండ్రూ ఎల్‌డ్రిచ్ మంద్రస్థాయి గొంతు. గిటార్ చేసిన పరుగు పనిని ఇక్కడ మెషీన్ చేస్తోంది, అందుకే పాట నిలబడింది.

రాక్ బ్యాండ్ ద వైట్ స్ట్రైప్స్ గురించి ఎక్కువ చెప్పాలి. 2000లో ఒక సింగిల్‌కి బి-సైడ్‌గా (రికార్డు రెండో వైపు పాటగా) వేశారు, 2004లో బ్లాక్‌పూల్ లైవ్ రికార్డింగ్ విడుదల చేశారు. లైవ్‌దే వినండి. ఉన్నది ఇద్దరే: జాక్ వైట్ గిటార్, మెగ్ వైట్ డ్రమ్స్. బేస్ గిటార్ లేదు. చరణాల్లో గొణుగుతూ, వణుకుతూ పాడి, పేరు దగ్గరికి వచ్చేసరికి డిస్టార్షన్ ఒక్కసారిగా తెరుస్తాడు. మగవాడు పాడుతున్నా ‘నా మగవాణ్ణి’ అనే మాట మార్చలేదు. మార్చి ఉంటే కథ తిరగబడి, ఒక మగవాడు ఆడదాన్ని తనకోసం ఆపుకోవడం అయ్యేది. అలాగే ఉంచడంవల్ల ఆ ఓటమి అలాగే ఉంది. రాక్ కవర్లలో నాకు ఇదే ముందు.

2016లో పెంటటానిక్స్ అనే బృందం డాలీతో కలిసి అకపెల్లాగా పాడింది, దానికి 2017లో గ్రామీ వచ్చింది. గిటార్ ప్యాటర్న్‌ని గొంతులకి పంచిన తీరు గమనించండి, అరేంజ్‌మెంట్ నేర్చుకునేవాళ్లకి అది పాఠం.

బియాన్సే 2024లో ‘కౌబాయ్ కార్టర్’ ఆల్బమ్‌లో మాటలే మార్చేసింది. బతిమాలడం లేదు, హెచ్చరిక ఉంది. పాడింది గొప్పగా. అయితే అడగడం కోసం అల్లిన కార్డుల మీద బెదిరింపు పాడితే ఆ కార్డులకి పని తగ్గిపోతుంది. దీన్ని కవర్‌గా కాకుండా, ఆ పాటకి యాభై ఏళ్ల తర్వాత వచ్చిన జవాబుగా వింటే బాగా నచ్చుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని ఎవరూ పాడలేదు. డాలీ పాడిన 45 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 45 చుట్లు తిరిగే) సింగిల్ రికార్డుని 33 వేగంలో తిప్పితే వచ్చేది అది. 110 బీట్స్ దాదాపు 81కి దిగుతాయి. శృతి అయిదు సెమీటోన్లకి కాస్త ఎక్కువ పడి, మంద్రంలో అయిదున్నరకి కొంచెం కిందికి వస్తుంది. డాలీ గొంతులోని సన్నటి వణుకు కూడా నెమ్మదించి, ఎవరో మగవాడు గుండె పగిలి పాడుతున్నట్టు ఉంటుంది. 

ఇది మీరే చేసుకోవచ్చు, కానీ యూట్యూబ్‌లో 0.75 స్పీడ్ పెడితే రాదు. అది శృతిని కదలనివ్వదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టెంపో మార్చే ఎఫెక్ట్ వద్దు, వేగం, శృతి రెండూ కలిపి మార్చేదాన్ని తీసుకుని 0.741 ఇవ్వండి.

పాడాలనుకునే మగవాళ్లకి ఒక మాట. పాట రేంజ్ దాదాపు ఒక్క స్థాయే కాబట్టి అదే శృతిలో ఒక స్థాయి కిందకి దించి పాడొచ్చు. మరీ కిందికి వెళ్లి గొంతు నిద్రపోతుంటే కేపోని ఏడో ఫ్రెట్‌కి జరపండి, మూడు సెమీటోన్లు పైకి వస్తుంది. చివరి పిలుపుల్లో గొంతు పెంచాలనిపిస్తుంది, పెంచకండి. డాలీ వెర్షన్ ఆ పేరు పిలుస్తూనే ఫేడ్ అవుట్ అవుతుంది.